అదొచ్చిందా?

మూడోసారి కూడా కార్ఖానా నడిపే లింబయ్య ఆకు తూచి ఇచ్చే తక్కెడను హన్మవ్వ ముందు నుంచి పక్కకు జరిపాడు. ఆమె పక్కన నిలబడ్డ గంగమణికి తల ఎత్తబుద్ధి కాలేదు. పొద్దుటి నుంచి ఇద్దరూ బోధన్‌లోని ఆ బీడీ కార్ఖానా గడపలోనే ఉన్నారు. వరండాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నారు. రోడ్డు మీద చెరుకు బండ్ల వెంటపడి పిల్లలు గడలు గుంజుకుంటున్నారు. వాళ్ల కేరింతలు వినబడినప్పుడల్లా హన్మవ్వ మొహం ఒక్క క్షణం వెలిగి, మళ్లీ చేతిలోని ఖాళీ చేట మీదికి వాలిపోతోంది.

ముప్పై ఏళ్లుగా రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేట అది. పదకొండు రోజులుగా ఖాళీ. కారణం గంగమణి.

గంగమణి హైదరాబాదులో భాషాశాస్త్రం చెబుతుంది. నిజామాబాదులో బీడీలు చుట్టి పెంచిన తల్లి కూతురు. ఆడవాళ్ల మాట మీద ఆమె పరిశోధన. మగవాడు వస్తే ‘వచ్చాడు’ అంటాం, ఆడమనిషి వచ్చినా గొడ్డు వచ్చినా ‘వచ్చింది’ అంటాం, ఎందుకు? ఆ ప్రశ్నతోనే రెండేళ్ల కింద టేపురికార్డరు పట్టుకుని హన్మవ్వ ముందు కూర్చుంది. హన్మవ్వ బీడీలు చుట్టుకుంటూనే నవ్వింది.

“లింబయ్య సారు గిన్నేండ్లల్ల నన్ను పేరు వెట్టి పిలువలే బిడ్డా. అదొచ్చిందా అంటడు. మా బర్రెను గూడ గట్లనే అడుగుతరు. గని బర్రెకు దాణా వెడ్తరు.”

పరిశోధన పుస్తకాల్లో ఇలాంటివాళ్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. హన్మవ్వ ఏడో నంబరు కావాలి. పేరు పెట్టి పిలవరని బాధపడ్డ మనిషిని నంబరు చేయడానికి గంగమణికి చేయి రాలేదు. తన పుస్తకంలో పేరు, వాడ, కార్ఖానా అన్నీ రాసింది. అదే గౌరవమనుకుంది. ఆ ముక్క ఒక పత్రికలో పడింది. ఎవరో లింబయ్యకు చదివి వినిపించారు. ఆ రోజే హన్మవ్వకు ఆకు ఆపేశాడు.

తక్కెడ జరిపిన లింబయ్య గొంతు పెంచలేదు. “మేడం, నా ఇజ్జత్ పోయింది. అది గట్ల అనలే, నేనే తప్పు రాసిన అని ఒక్క కాయితం రాసియ్యున్రి. రేపే ఆకు తూస్త,” అని లోపలికి వెళ్లాడు.

ఎల్లుండి గంగమణికి ప్రొఫెసరు పోస్టుకు ఇంటర్వ్యూ. అక్కడ చూపించడానికి చేతిలో ఉన్నది ఆ పుస్తకమే. తప్పు రాశానని సంతకం పెడితే పదిహేనేళ్ల పని మీద ఎవరికీ నమ్మకం ఉండదు. అయినా కాగితం తీసింది. మొదటి వాక్యం రాసింది.

“ఏం రాస్తున్నవు బిడ్డా?”

గంగమణి చదివింది. తంబాకుతో నల్లబడ్డ చెయ్యి వచ్చి కాగితం మీద పడింది.

“నేను అన్న. అనలేదని రాయకు.”

“ఆకు రాదవ్వా.”

“ఎరుకనే.” హన్మవ్వ పుస్తకం వైపు చూసింది. “గా పుస్తకంల నా పేరు యాడున్నదో సూపెట్టు.”

గంగమణి పేజీ తిప్పి చూపించింది. చదువురాని హన్మవ్వ ఆ అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. పేరు మీద గోధుమరంగు మరక పడింది.

లోపలి నుంచి లింబయ్య అడిగాడు. “అది పోయిందా?”

వరండాలో ఒక కత్తెర ఆగింది. తర్వాత ఇంకొకటి.