వంకర శుభలేఖ

వీరబ్రహ్మం ట్రెడిల్ మిషను ఇప్పుడు అక్షరాలు అచ్చెయ్యడం తక్కువ, పూతరేకుల డబ్బాలు కొయ్యడం ఎక్కువ. రాజమండ్రి ఇన్నీసుపేటలో, అప్పాజీ ఫ్లెక్సీ షాపు పక్కన ఇరుక్కున్న ఆ ప్రెస్సుకి ఆత్రేయపురం నుంచి అట్టలొస్తాయి. అక్షరాలు బిగించే చోట కత్తులు బిగించి, ఆ అట్టల్ని డబ్బా ఆకారానికి కోసి పంపిస్తాడు. అయినా మూలనున్న చెక్క అరల్లో తండ్రి కొన్న సీసపు అక్షరాలు పదిలంగానే ఉన్నాయి. వీరబ్రహ్మం నోరూ పదిలంగానే ఉంది. ఆ నోటికి జడవని వాడు సందులో లేడు.

ఆ ప్రెస్సుకి తండ్రి పెట్టిన ఆచారం ఒకటుంది. ఏ కాగితం అచ్చేసినా అడుగున చీమల బారంత సన్నగా 'విశ్వకళా ప్రెస్, రాజమండ్రి' అని వెయ్యాలి. ఆ లైను పడిందంటే పైనున్న పనిలో వంకరుండకూడదు. "మనకి పొలం లేదు, మేడ లేదు. ఉన్నదల్లా ఆ లైనేరా" అనేవాడు ముసలాయన. ఓసారి వంకర పడిన కాగితాన్ని కొడుకు వీపుకి అంటించి బజారంతా తిప్పిన ఘనుడు.

అలాంటి చోటికి పెళ్లికార్డులు డిజైన్ చేసే రమ్యశ్రీ వచ్చింది. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న శ్రీనివాసరాజుగారి కూతురి పెళ్లికి కార్డులు కావాలంది. ఈమధ్య డబ్బున్నవాళ్లకి పాత అచ్చు మీద మోజు పుట్టుకొచ్చింది కదా. నిన్నటిదాకా ఇలాంటి మిషన్లని పాత ఇనపసామాను వాడికి తూకానికిచ్చినవాళ్లే, ఇవాళ వాటి పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు.

"అంకుల్, పాత పద్ధతే కావాలండీ. అక్షరాలు చేత్తోనే పేర్చాలి."

"మరి కాలితో పేరుస్తారేంటమ్మా?" అన్నాడు వీరబ్రహ్మం.

నోరలా అన్నా లోపల పొంగిపోయాడు. ఎన్నాళ్లకో ఒక శుభలేఖ! కత్తులు విప్పేశాడు. అక్షరాలన్నీ కిరసనాయిలుతో కడిగాడు. అక్షరం పక్కన అక్షరం ఆనుతుంటే వేళ్లకి వయసు తగ్గింది. చివరగా అడుగున తండ్రి లైను పెట్టి, మొదటి కార్డు తీశాడు. పెసరగింజ దొర్లించినా పక్కకి పోనంత తిన్నగా ఉంది.

రమ్యశ్రీ చూసి పెదవి విరిచింది. కార్డు తిప్పి వెనకవైపు వేలితో తడిమింది.

"ఏమీ తగలట్లేదేంటండీ?"

"తగలకూడదమ్మా. తగిలితే అది అచ్చెయ్యడం కాదు, పొడవడం."

"ఇంత నీటుగా ఉంటే కంప్యూటర్లో తీశారనుకుంటారండీ. గుంటపడేలా గట్టిగా నొక్కండి. ఇంకు అక్కడక్కడా తేలిపోవాలి. ఒకటి రెండు లైన్లు కొంచెం పక్కకి ఒరగాలి. చేత్తో చేసిన ఫీల్ రావాలి కదండీ!"

వీరబ్రహ్మం కళ్లజోడు తీసి ఆమెని ఎగాదిగా చూశాడు. "కంసాలి మంగళసూత్రాలు చేత్తోనే చేస్తాడమ్మా. చేత్తో చేశాడని తెలియడానికి సొట్ట పెట్టి ఇమ్మంటారా?"

మర్నాడు రాజుగారే కారేసుకుని దిగారు.

"బ్రహ్మంగారూ, తమ పనికి వంకపెట్టేటంతటోళ్లం కాదండి. ఆయ్! కాకపోతే మా వియ్యాలవారి కార్డు ముట్టుకుంటే గుంటలు తగిలేయండి. మనది నున్నగా ఉంటే ఏం మర్యాదండి?"

"గుంటల్లో పోటీనా అండీ? ఇన్ని చెరువులు తవ్వించారు, మీకు గుంటలు కరువా రాజుగారూ?"

రాజుగారు కోపం తెచ్చుకోలేదు. నవ్వారు. ఆ మర్యాదే వీరబ్రహ్మానికి ఒళ్లు మండించింది.

"సరేనండి. వంకరే వేస్తాను. అలవాటు లేదు గానీ కష్టపడి నేర్చుకుంటాను" అని, బిగించిన అక్షరాల్లోంచి అడుగు లైనుని ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

రమ్యశ్రీ గతుక్కుమంది. "అయ్యో, అది తియ్యకండంకుల్! తాతలనాటి ప్రెస్సని చెప్పే కదండీ రాజుగార్ని ఒప్పించాను!"

"రెండిట్లో ఒకటేనమ్మా. పేరు కావాలంటే పని తిన్నగా ఉంటుంది. వంకర కావాలంటే పేరుండదు. రాజుగారే చెప్పాలి."

 పేరే ఉంచమంటారని వీరబ్రహ్మానికి గట్టి ఆశ. ఈ చేతుల్లోంచి ఇంకో శుభలేఖ వెళుతుందో లేదో. ఇదొక్కటీ తండ్రి పేరుతో భీమవరం చేరితే చాలనుకున్నాడు.

రాజుగారు తిన్నని కార్డుని చూశారు. బల్ల మీది సీసం ముక్కల్ని చూశారు. గొంతు సవరించుకున్నారు.

"మరైతే... గుంటలే ఉంచండి."

అంతే. ఒక మనిషి బతుకంతా కాసిన లైను, కార్డు వెనక గుంటపాటి చెయ్యలేదు. వీరబ్రహ్మం పగలబడి నవ్వాడు. గట్టిగా నొక్కేలా మిషనుకి అదనంగా అట్టలు ఎక్కించి, అక్షరాల బిగువు వదులు చేసి, పళ్లూడిన ముసలమ్మ నవ్వులాంటి కార్డులు తీసిచ్చాడు. పెళ్లికొచ్చిన వాళ్లంతా వాటిని బిడ్డ బుగ్గలు నిమిరినట్టు నిమిరి మురిసిపోయారట. చెప్పుల షాపులో చెప్పునీ అలాగే నిమురుతారు మరి.

తర్వాత ప్రెస్సు ముందు కార్లు ఆగడం మొదలైంది.

"బ్రహ్మంగారూ, వంకర కార్డు కోసం ఇంకోళ్లొచ్చారండోయ్!" అని కేకేశాడు అప్పాజీ.

"నీ షాపుకే తోలుకోవయ్యా. కంప్యూటరైతే ఒక్క నొక్కుకే వంకరేస్తుంది. నాకు బోలెడు శ్రమ."

"మీరు వెయ్యరేంటండీ?"

"పేరుతో అడిగితే వేస్తానని చెప్పు."

"పేరుతో ఎవడూ అడగట్లేదండీ."

"అయితే వెళ్లమను."

మళ్లీ పూతరేకుల అట్టలొచ్చాయి. కత్తులు బిగించబోయి వీరబ్రహ్మం ఆగాడు. బల్ల మీదున్న లైనుని తీసి మిషన్లో బిగించాడు. డబ్బా మూత లోపలివైపు పడేలా అట్టలన్నిటి మీదా అచ్చేశాడు. ఆత్రేయపురం వాళ్లని ముందే అడిగితే 'వేసుకోండి, మాకేం' అన్నారు.

అప్పాజీ ఒక అట్ట తీసి చూశాడు. "మూత లోపల ఎవడు చూస్తాడండీ? నెయ్యంటి పోద్ది కూడాను."

"చూడకూడదనే అక్కడేశాను. చూసేవాళ్లంతా గుంటలడుగుతున్నారు" అన్నాడు వీరబ్రహ్మం.

అట్ట లాక్కుని, తిప్పి, వెనకవైపు బొటనవేలితో రాసి చూశాడు. ఏమీ తగల్లేదు. అప్పుడు కత్తులు బిగించాడు.