తెల్లబట్టల జనం ఎటు చూశారు

"పిట్టా! నీలం డబ్బా ఎక్కడ పెట్టావే?"

నాన్న కేక వినగానే పిట్ట డబ్బాని ఆయన చేతికి తగిలేంత దగ్గరికి జరిపి, "నీ ముందే ఉందిగా నాన్నా" అంది. ఆయన తడిమి చూసుకుని, ఎండ కంట్లో పడి కనపళ్లేదన్నాడు. ఆ గదిలోకి ఎండ రాదు.

ఆయన పటాల మేస్త్రి. లోకం అంతం ఎలా జరుగుతుందో గుడ్డ మీద బొమ్మలుగా వేసి ప్రార్థన మందిరాలకు ఇవ్వడం ఆయన పని. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. లోకమంతా అల్లాడే ఏడేళ్ల శ్రమలు, ప్రభువు రాక, వెయ్యేళ్ల పాలన, చిట్టచివర అగ్నిగుండం. తెల్లబట్టల విశ్వాసుల గుంపును మాత్రం ఒక మూలన వేసి వదిలేసేవాడు. కొనేవాళ్లు వచ్చాక, శ్రమలకు ముందే ప్రభువు దగ్గరికి ఆకాశంలోకి ఎత్తబడతామని నమ్మే సంఘమైతే "ముందుకి రండి" అనేవాడు. శ్రమలు దాటాకే అనే సంఘమైతే "వెనక్కి జరగండి" అనేవాడు. గుంపు బట్టలు ఎత్తిపట్టుకుని, తడి రంగు తొక్కకుండా నడిచి వెళ్లి నిలబడేది. ఎండలు ముదిరితే కిందికి దిగి కుంచెల గ్లాసులో నీళ్లు తాగేవాళ్లు. అందుకని పిట్ట మధ్యాహ్నాలు ఓ గ్లాసు మంచినీళ్లు విడిగా పెట్టేది. ఎవరు వేసిన బొమ్మలు వాళ్ల మాటే వింటాయి.

వెయ్యేళ్లంటే లెక్కపెట్టే ఏళ్లు కావనీ, అవి ఇప్పుడు నడుస్తున్నవేననీ నాయనమ్మ వాదన. "ఇప్పుడే ప్రభువు పాలనైతే నీకీ మోకాలి నొప్పేంటమ్మా?" అని మేస్త్రి ఏడిపిస్తే, "పాలన ఆయనది, మోకాలు నాది" అనేది.

రెండేళ్లుగా మాత్రం మేస్త్రి పొద్దుట వేసిన కొండ నదిలో మునిగేది, గుర్రం గాల్లో తేలేది. భోజనం చేసి ఆయన కునుకు తీసే గంటలో పిట్ట అదంతా చెరిపి మళ్లీ వేసేది. చూపు సంగతి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆయన "ముందుకి రండి" అన్నప్పుడల్లా వెనక నిలబడి వేలితో సైగ చేసేది, గుంపు కదిలేది. మేస్త్రి చెయ్యి తగ్గలేదని ఊరంతా అంటుంటే ఆయన భుజాలు విచ్చుకునేవి. అది చూస్తే పిట్టకి కడుపు నిండేది. పూర్తిగా నిండేదని మాత్రం అనలేం.

ఆ ఏటి వానల్లో కిందివీధి మందిరం కప్పు కూలింది. పైవీధి వాళ్లు తమ మందిరంలోకి రమ్మన్నారు. ఇక రెండు సంఘాలకీ ఒకే గోడ, ఒకే పటం, మామూలుకి రెండింతల గుడ్డ. శ్రమలకు ముందే అంటాడు పైవీధి పెద్ద. దాటాకే అంటాడు కిందివీధి పెద్ద. పటం దగ్గరే కుదరకపోతే కలిసుండే పనే లేదనుకుని, బొమ్మలన్నీ పూర్తయ్యాక ఇద్దరూ ఒక పొద్దున ఎడమొహం పెడమొహంగా వచ్చి, నలభై ఏళ్లుగా ఇద్దరికీ వేసిన మేస్త్రి ఎక్కడ నిలబెడితే అక్కడే అన్నారు.

మేస్త్రికి గుడ్డ కొలత చేతిలో ఉంది. మామూలు గుడ్డ మీదైతే కుడి చివర నుంచి రెండు మూరలు కొలిస్తే ప్రభువు దిగివచ్చే ఆకాశం. కొలిచి, "ఇక్కడికి రండి" అని వేలు పెట్టాడు. ఈ గుడ్డ రెండింతలన్న సంగతి మర్చిపోయాడు. వేలు సరిగ్గా అగ్నిగుండం మధ్యలో పడింది.

పెద్దలిద్దరూ నోరు తెరిచారు. ఇన్నేళ్లలో వాళ్ల అభిప్రాయం కలిసింది ఆ ఒక్కసారే.

పిట్ట చెయ్యి ఎత్తబోయి ఆగింది. సైగ చేస్తే గుంపు మంటల్లోకి నడుస్తుంది. చేయకపోతే నాన్న పరువు పోతుంది. ఆ కాస్త ఆలస్యానికే గుంపు గుంపంతా తల తిప్పి, పెద్దల భుజాల మీదుగా ఆమె వంక చూసింది.

పైవీధి పెద్ద కూడా తిరిగాడు. "వీళ్లు నిన్నెందుకు చూస్తున్నారమ్మాయ్?"

"నీళ్ల కోసం అండీ. పోసేది నేనే కదా" అంది పిట్ట.

మేస్త్రి వేలు తీయలేదు. "పిట్టా, నువ్వు చెప్పవే. ఎక్కడ నిలబడితే బాగుంటుంది?" అన్నాడు, రంగు డబ్బా అడిగినంత మామూలుగా.

ఆమె చెయ్యెత్తి పటం ఎడమవైపుకి చూపింది. గుంపు ఆకాశం వైపు పోలేదు. శ్రమల ఏళ్ల నల్లటి వీధిలోకి దిగి, అక్కడ ఆకలితో పడున్నవాళ్ల పక్కన కూర్చుంది. ఒకతను తన తెల్లబట్ట చింపి ఎవరి కాలికో కట్టు కట్టాడు. ఒక ముసలామె మాత్రం పిలుపు వస్తే లేచేట్టు పైకి చూస్తూ నిలబడింది.

కిందివీధి పెద్ద కళ్లజోడు తుడుచుకుని, శ్రమల్లోనే ఉన్నారు, నేను చెప్పిందే అన్నాడు. పైవీధి పెద్ద ముసలామె మడమలు చూపించి, అవి నేల మీద లేవు, నేను చెప్పిందే అన్నాడు. అంటూనే మోసుకుపోవడానికి గుడ్డ చెరో కొసా పట్టుకున్నారు.

"కింద నీ సంతకం ఏది మేస్త్రీ?" అన్నాడు పైవీధి పెద్ద.

మేస్త్రి తడుముకుంటూ కూతురి భుజం దొరకబుచ్చుకున్నాడు. కుంచె ఆమె చేతిలో పెట్టి, వీధిలోకి వినపడేట్టు అన్నాడు.

"నాకు చూపు పోయి రెండేళ్లయింది. ఒక్క మధ్యాహ్నమూ నిద్రపోలేదు, దీని కుంచె చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి. ఈ పటం వేసింది నా కూతురు."