తడిగా ముడిచిన గొడుగు

నేను ఒక గొడుగును. నల్ల గుడ్డ, ఎనిమిది ఊచలు, వంకీ పిడి. ఊచల్లో మూడు తుప్పు పట్టాయి. ఆ తుప్పు ఎలా వచ్చిందో చెబితే మీరు నన్ను మంచి గొడుగు అనరు. అయినా చెబుతాను. కడుపులో దాచుకుని దాచుకుని విసుగొచ్చింది.

పుట్టింది కేరళలో, అలప్పుళలో. ఒక పాత మేడ గదిలో పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని మమ్మల్ని కుట్టేవారు. చేతులు గుడ్డ మీద, నోళ్ళు ఊళ్ళోవాళ్ళ మీద. ఎవరింట్లో ఏ పెళ్ళి తప్పిపోయిందో వింటూ వింటూ నేను మలయాళం అక్కడే నేర్చేసుకున్నాను.

అక్కడ గొడుగు మనిషికొకటి. వానాకాలం ఆదివారం చర్చి వరండాలో వంద నల్ల గొడుగులు గుట్టపడితే ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. అందుకే కొనగానే గుడ్డ మీద తెల్ల రంగుతో పేరు రాసేస్తారు. నన్ను కొన్న వర్గీస్ గారు, కూతురు నర్సు ఉద్యోగానికి బెజవాడ బయల్దేరుతుంటే, అరచేతంత మలయాళం అక్షరాలతో ‘బిన్సీ’ అని రాశారు. రంగు ఆరేదాకా పక్కనే కూర్చుని ఊదారు. కూతురికంటే గొడుగు తప్పిపోతుందనే ఆయన భయం.

బెజవాడలో ఆరేళ్ళు ఎండకే పనికొచ్చాను. “మలయాళం పిల్లా, ఈ ఎండకి గొడుగేం ఆగుద్దే, పందిరేసుకుని తిరుగు!” అనేది అద్దె ఇంటావిడ. నా తెలుగు, బిన్సీ తెలుగు ఆవిడ పెట్టిన భిక్షే.

తర్వాత ఇంగ్లండు. ఉత్తరాన సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. ఆ ఊరివాళ్ళు గొడుగులతో ఎప్పుడో విసిగిపోయి కోట్లకు టోపీలు కుట్టించుకున్నారు. నర్సుగా చేరాలంటే ఏదో పరీక్ష పాసవ్వాలట. బిన్సీ రెండుసార్లు తప్పింది. పొట్ట గడవాలి కనుక ముసలివాళ్ళుండే కేర్ హోములో పనికి కుదిరింది. స్నానాలు చేయించడం, పక్కబట్టలు మార్చడం, తినిపించడం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంటికి మాత్రం ఫోనులో, “పెద్దాసుపత్రి నాన్నా, స్టాఫ్ నర్సుని” అంది. వారం తిరక్కుండా వర్గీస్ గారు చర్చి ముందు కూతురి ఫోటోతో ఫ్లెక్సీ కట్టించారు. నోటితో ఆడిన అబద్ధమైతే ఎప్పుడో నోటితోనే సర్దుకోవచ్చు. ఫ్లెక్సీ ఎక్కిన అబద్ధాన్ని ఎవరు దించుతారు?

ఆ ఊళ్ళో మరో మలయాళీ లేడు. నెలల తరబడి మాతృభాష పలకక బిన్సీ నాలుక దురదపెట్టేది. బస్టాపులో ఎవరూ లేనప్పుడు నా పిడి దగ్గర నోరు పెట్టి, “ఏమోయ్, ఇవాళ చేపల పులుసు పెట్టుకుందామా?” అని మలయాళంలో అడిగేది. నేనేం చెబుతాను? అడిగినందుకే మురిసిపోయేదాన్ని.

అలాంటి పిల్లకు దేవుడు ఒక మనిషిని పంపాడు. త్రేసియమ్మ. ఎనభై నాలుగేళ్ళు. ఎప్పుడో పడుచుతనంలో నర్సుగా ఇంగ్లండు వచ్చి ఆ దేశంలోనే ఉండిపోయిన మనిషి. మతిమరుపు జబ్బు ముదిరాక కొడుకు పాల్ తీసుకొచ్చి బిన్సీ పనిచేసే హోములో చేర్పించాడు. జబ్బుతో ఆవిడ ఇంగ్లీషంతా పోయింది. ఆఖరున వచ్చిన చుట్టం ముందు వెళ్ళిపోయినట్టు అది వెళ్ళిపోయి, మలయాళం ఒక్కటీ మిగిలింది.

“నువ్వూ ఇండియానేగా, ఈవిడ మాటలు నీకు తెలుస్తాయా?” అని మేనేజరు అడిగింది.

బిన్సీ అప్పటికే కాగితాల్లో త్రేసియమ్మ పుట్టిన ఊరు చూసింది. తన ఊరికి రెండు స్టాపుల అవతల. పరదేశంలో మలయాళీ మలయాళీని కలిస్తే రెండే ప్రశ్నలు: ఊళ్ళో ఎక్కడ? ఏ చర్చి? రెండో జవాబుకు చుట్టరికం తేలిపోతుంది, మూడో రోజుకు కబురు చర్చి గుమ్మం చేరుతుంది. ఫ్లెక్సీ కిందకే చేరుతుంది. ముసలావిడ మరిచిపోయినా కొడుకు మరిచిపోడు కదా.

“లేదు మేడమ్. ఇండియాలో భాషలు చాలా ఉన్నాయి. ఇది మాది కాదు.”

నేను ఆమె చేతికే వేలాడుతున్నాను. విన్నాను.

ఆ సాయంత్రం ఆరింటికి త్రేసియమ్మ మంచం మీద లేచి కూర్చుని జపమాల మొదలుపెట్టింది. ఆవిడ పుట్టినవైపు క్రైస్తవుల ఇళ్ళలో పొద్దుగూకితే ఇంటిల్లిపాదీ కూర్చుని చెప్పేది అది. జపం ముందు సగం ఒకరు చెబుతారు, మిగతా సగం అందరూ అందుకోవాలి. త్రేసియమ్మ ముందు సగం చెప్పి ఆగింది. గుమ్మం వైపు చూసింది. ఎవరూ అందుకోలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మళ్ళీ ఆగింది. గంటసేపు అదే సగం. చివరికి గొంతు పెంచి అరిచి, ఏడ్చింది. బిన్సీ పక్క గదిలో దుప్పట్లు మడుస్తూ పెదవులు బిగబట్టింది. మిగతా సగం ఆమెకు ఉగ్గుపాలతోనే వచ్చింది.

రోజూ ఇదే. “సాయంత్రమైతే ఆందోళన” అని డాక్టరు మాత్ర రాశాడు. తగ్గకపోతే రెండు చేశాడు. ఆ మాత్రలు చిన్న కాగితం గిన్నెలో పెట్టి నోట్లో వేసే పని బిన్సీదే.

ఇక నా వంతు. ఒకరోజు బాగా తడిసి వస్తే బిన్సీ నన్ను ఆరడానికి నడవాలో తెరిచి పెట్టింది. త్రేసియమ్మ గది తలుపు తీసే ఉంది. ఆవిడ నావైపు చూసింది. కళ్ళు చికిలించి, వేలితో గాలిలో గీస్తూ, బిగ్గరగా చదివింది: “బి...న్సీ!” ఆ ముఖం ఎలా వెలిగిందో నేను మరిచిపోలేను. “బిన్సీ మోళే!” అని పిలిచింది. మోళే అంటే అమ్మాయీ అని.

బిన్సీ పరుగున వచ్చి నన్ను నీళ్ళు కారుతుండగానే ముడిచేసింది. త్రేసియమ్మ ఆమెను చూస్తూ మలయాళంలో ఏదో అడిగింది. “సారీ, నాకు అర్థం కాదు” అంది బిన్సీ, ఇంగ్లీషులో. ముసలావిడ వెలుగు ఆరిపోయింది. పెదవుల మీద వేళ్ళు పెట్టుకుని తడుముకుంది.

నిజం చెబుతాను. ముడిచినప్పుడు నాకూ హాయిగానే అనిపించింది. ఆమె భాష దాచింది, నేను పేరు దాచాను. ఆనాటినుంచి ఎంత తడిసినా నన్ను ఆరడానికి తెరిచిపెట్టలేదు. ఊచలకు తుప్పు అప్పుడు పట్టింది. పట్టాలి కూడా.

ఆవిడ చేరిన ఏడో నెలలో పాల్‌ను పిలిపించారు. ఈ అరుపులతో మీ అమ్మగారిని ఇక్కడ ఉంచలేం, దూరంగా తాళాలు వేసే చోటికి పంపాలి, అన్నారు. ఆ సాయంత్రం అతను తల్లి చేయి పట్టుకుని కూర్చున్నాడు. డ్యూటీ దిగేముందు చివరి పనిగా బిన్సీ మాత్రల గిన్నెతో వచ్చింది. నేను మోచేతికి ఉన్నాను.

త్రేసియమ్మ మత్తులోనే ముందు సగం మొదలుపెట్టింది. ఆగింది.

“చిన్నప్పుడు ఇంట్లో ఇది చెప్పేవాళ్ళు. నా స్నేహితులు నవ్వుతారని మానిపించాను. తర్వాత ఏం చెప్పాలో నాకు రాదు,” అన్నాడు పాల్. యాభై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కిపడ్డాడు.

బిన్సీ గిన్నె బల్ల మీద పెట్టింది. నేను జారి కింద పడ్డాను, తీయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మిగతా సగం అందుకుంది. ఒక్క మాట కూడా తప్పలేదు.

పాల్ తలెత్తాడు. “నీకు ఎప్పటినుంచి అర్థమవుతోంది?”

“మొదటి రోజునుంచి.”

అతను తిట్టలేదు. తిడితే బాగుండునని బిన్సీ ముఖం చూస్తే తెలిసింది. నాకూ అలాగే అనిపించింది.

“అమ్మచ్చీ, నన్ను క్షమించండి,” అంది బిన్సీ మలయాళంలో.

త్రేసియమ్మకు ఆ మాట చెవికెక్కినట్టు లేదు. ఆవిడ ఆలోచన వేరే చోట ఉంది. పెదవుల మీద వేళ్ళు పెట్టుకుని, మెల్లగా, ఎంతో ఊరటగా అంది:

“అయితే నేను మాట్లాడేది మాటేనన్నమాట. ఇన్నాళ్ళూ నా నోట ఉత్త చప్పుడే వస్తోందనుకున్నాను మోళే.”