కదలమన్నారు కదా!

“బిందె ఎత్తడం కూడా కదలడమే కదే!” అన్నాడు సుబ్బరాజు, కుర్చీలోంచి కదలకుండా.

కింద నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, నడుం లేవట్లేదు, ఇవాళ్టికి మీరు తెండి అన్నందుకు మొగుడిచ్చిన జవాబది. వసంతలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. భీమవరం నుంచి ఇబ్రహీంపట్నం వచ్చి ఆయన సాగర్ రోడ్డు పక్కన ప్లాట్లు అమ్ముకుంటున్న ఈ ఆరేళ్ళూ, రెండో అంతస్తుకు నీళ్ళు మోసింది ఆవిడే. పోయిన వారం నడుం పట్టేసి ఆసుపత్రికి వెళితే, ఫిజియోథెరపీ చేసే అస్రా వంగమని, కాళ్ళు ఎత్తమని అంతా చూసింది.

“ఫికర్ చెయ్యకు అక్కా. ఇప్పుడైతే స్కానింగ్ అక్కర్లేదు. మంచమెక్కి పండుకుంటే తగ్గది, ఇంకా బిగుసుకపోతది. రోజూ అర్ధగంట నడువు. నొప్పి తగ్గేదాంక బరువులు మాత్రం ఇంట్లోళ్ళు ఎత్తాలె,” అంది. చివరి మాట సుబ్బరాజు వైపు చూసే అంది. ఆయన ఫోను చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చి ఆయన తన తల్లికి చేరవేసింది సగమే. “పడుకోకూడదంటమ్మా. కదుల్తూ ఉండాలంట.” అత్తగారు కనకరత్నం ముఖం వెలిగిపోయింది. “నే మొదట్నుంచీ చెబుతున్నది అదేగా!” అని, ఆ సాయంత్రమే పనిమనిషి మణెమ్మను మానిపించేసింది. కోడలి వైద్యం కోసమట! పోయినేడు ఇదే నొప్పి కొడుక్కొస్తే మూడు వారాలు మంచం దిగనిచ్చిందా? అన్నం కలిపి పెట్టిందెవరు, నడుముకు నూనె రాసిందెవరు? అస్రా చెప్పినదాంట్లో తప్పేం లేదు, ఈ ఇంటివాళ్ళ చెవులే చెడ్డవి. తోమి, తుడిచి, ఎత్తి, నాలుగు రోజుల్లో కూర్చుంటే లేవలేని స్థితికి వచ్చింది. ఆ మాట చెబితే “కదలడం చాల్లేదేమో” అంది కనకరత్నం. ఏడుపు రాలేదు వసంతలక్ష్మికి. అసహ్యం వేసింది.

ట్యాంకర్ రెండోసారి హారన్ కొట్టింది. ఆవిడ చెప్పులు వేసుకుంది.

“బిందె లేకుండా ఎక్కడికి?” అన్నాడు.

“అరగంట నడవడానికి.”

“మరి నీళ్ళో? సర్లే, మణెమ్మను మళ్ళీ రమ్మంటాలే!”

“రమ్మనండి, గిన్నెలు తోమడానికి. బిందెలు మోయడానికి కాదు. ఆవిడకూ నడుం ఉంది. అవి మీరే మోయాలి.”

“నాకు మళ్ళీ నొప్పొస్తేనో?” అని అరిచాడు.

“రానివ్వండి,” అంది వసంతలక్ష్మి మెల్లగా మెట్లు దిగుతూ. “ఈసారి పడుకోనివ్వను. నడిపిస్తాను.”