పుచ్చు మిగిల్చిన డాక్టరమ్మ

నా నోరు ఖాళీ చేయించింది మా అక్క మొగుడే. షెడ్డులో అందరూ ‘పటకారు’ అంటారు ఆయన్ని. వంకర మేకు కనబడితే పీకందే నిద్రపట్టదు. నాలాగే వడ్రంగి. నాకు పన్ను నొప్పి పెట్టినప్పుడల్లా, "పీకించెయ్‌రా, పీడా పోతుంది" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవాడు. చివరికి కట్టుడు పళ్ళ తీగ తగిలించుకోవడానికి ఒక్క దవడ పన్ను మిగిలింది. అదీ పుచ్చింది. అది పోతే సెట్టు నిలవదు, ఇక నమలడమన్న మాటే ఉండదు.

ఈసారి బావకు చెప్పకుండా కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె పన్ను తొలిచి, మధ్యలో ఆపేసి, చేతికి అద్దమిచ్చింది. అడుగున గోధుమరంగు మచ్చ అలాగే ఉంది.

"పుచ్చు మిగిలిపోయింది కదమ్మా!"

"తెలుసు బాబాయ్. ఇంకా తవ్వితే నరం తగులుతుంది. పైన ఈ మందు పెట్టి మూసేస్తా. ఇందులోంచి సున్నపు ఖనిజం కొద్దికొద్దిగా ఊరుతుంది. దాంతో మెత్తబడ్డ చోటు మళ్ళీ గట్టిపడుతుంది."

"ఎవరు గట్టిచేసేది?"

"పన్నే."

బడి ఐదో తరగతితో మానేశాను గానీ, పుచ్చు సంగతి నాకొకరు చెప్పాలా? పుచ్చిన కొయ్యను చేవ తగిలేదాకా చెక్కెయ్యాలి. గోరంత వదిలినా గుమ్మం మొత్తం పోతుంది.

సంగతి తెలిసి బావ పడీ పడీ నవ్వాడు. "చెదల మీద వార్నిష్ కొట్టి పంపిందిరా నిన్ను! పద, పీకించేద్దాం."

"నొప్పి లేదుగా బావా."

"లోపల్లోపల తింటుంటే నొప్పెందుకుంటుందిరా పిచ్చోడా?"

ఆ మాట నన్ను తొలిచేసింది. నెలల తరబడి ఆ వైపు నమలలేదు. ఇక ఉండబట్టలేక వెళ్ళి, "తీసెయ్యమ్మా, పుచ్చు మీద మూత నాకొద్దు" అన్నాను.

ఆమె ఎక్స్‌రే తీసి పాతదాని పక్కన పెట్టింది. పాతదాంట్లో నరాన్ని ఆనుకుని నల్లటి నీడ. కొత్తదాంట్లో ఆ నీడ పలచబడింది. దానికీ నరానికీ మధ్య సన్నటి తెల్లగీత, ఎవరో లోపల కూర్చుని గోడ కట్టినట్టు.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

"నా మందు ఇక్కడిదాకే బాబాయ్. ఆ గోడ మీ పన్ను కట్టుకున్నది."

ఇన్నేళ్ళూ నా చేతికొచ్చిన కొయ్యంతా నరికిన చెట్టుదే. చచ్చింది తనను తాను బాగుచేసుకోలేదు. నోట్లో ఉన్నది బతికున్నది. నేను గుర్రుపెట్టి నిద్రపోతున్నా, ఎవర్నో తిట్టుకుంటున్నా, అది చీకట్లో తన పని తాను చేసుకుపోయింది. నాలుకతో మెల్లగా తడిమాను, పసిబిడ్డ మాడు తాకినట్టు. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

"మరి పీకించుకున్నవి?"

"అన్నీ కాకపోయినా, కొన్ని నిలిచేవి."

బయటికొచ్చి బావకు ఫోన్ చేశాను.

"బాగైతే మంచిదేగా, ఏడుస్తావేంట్రా?" అన్నాడు.

ఏడవనా మరి? ఆ కట్టుడు పళ్ళ కోసం నేను అమ్ముకున్నది షెడ్డు వెనక డెబ్బై రెండు గజాల స్థలం.