ఒక మీటరు, ఐదిళ్ళు

ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను కోసం లీలారాణి బొటనవేలు చాపి నిలబడింది. గ్రామ సచివాలయం కుర్రాడు ధర్మేంద్ర వేలిముద్ర మిషను ఆమె ముందుకు జరపలేదు.

"నీ పేరు రాలేదు పిన్నీ," అన్నాడు ఫోనులోకే చూస్తూ.

"రాలేదంటే? సర్వరు పన్జెయ్యట్లేదేటి?"

"సర్వరు బాగానే ఉన్నాది. నీ పేరే తీసీసినారు. మూడొందల యూనిట్లు దాటి కరెంటు కాలుస్తన్నావంట. అలాగైతే డబ్బున్నోళ్ళ కింద లెక్క."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. లీలారాణి డబ్బున్నదంట! ఆమె కూడా నవ్వింది. ధర్మేంద్ర నవ్వకుండా పక్కింటికి వెళ్ళిపోయేసరికి అందరి మొహాలూ వాడిపోయాయి. ఆమె మాత్రం చాపిన వేలు దించుకోవడం మరిచిపోయి అలాగే నిలబడింది.

వ్యవసాయ కూలిసంఘం పని మీద ఆ పొద్దు నేను రైలుకట్ట కాలనీలోనే ఉన్నాను. ఇదంతా నా కళ్ళతో చూశాను.

లీలారాణి బాప్టిస్టు చర్చి సభ్యురాలు. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. బతుకంతా ఊడ్పుల్లోనూ కలుపుల్లోనూ గడిచింది. ఒళ్ళంతా షుగరు. పింఛను వస్తే మాత్రలు, లేకపోతే లేవు. ఇంట్లో ఉన్నవి ఒక బల్బు, ఒక ఫ్యాను. మరి అన్ని యూనిట్లు ఎక్కడివి?

కాలనీలో అందరికీ తెలుసు. ఆ స్థలం పోరంబోకు. లీలారాణి మొగుడు బతికున్న రోజుల్లో ఎలాగో ఒక మీటరు వేయించుకున్నాడు. తర్వాత ఎవరు అడిగినా, పట్టా లేని ఇంటికి మీటరు ఇవ్వం అన్నారు. అందుకని ఆమె మీటరు నుంచే మరో నాలుగిళ్ళకు వైర్లు లాగారు. రూబీ కుట్టుమిషను మోటారు దాని మీదే నడుస్తుంది. చేపలమ్మే స్టాన్లీ ఐసుపెట్టె, ఎర్రన్న ఇంట్లో పిల్లల చదువు దీపం, దేముడమ్మ ఫ్యాను, అన్నీ దాని మీదే. బిల్లు అందరూ కలిసి కట్టేవారు. ఐదు బీద కొంపల వెలుగంతా కలిపితే కంప్యూటరుకు ఒక ధనవంతురాలు కనిపించింది.

ఆ ఊరి భూస్వామి, బుగత జగన్నాధానికి రైసుమిల్లు ఉంది. మూడంతస్తుల మేడ ఉంది. అంతస్తుకో మీటరు, మీటరుకో పేరు. ఏ మీటరూ హద్దు దాటదు. భూములు ఎవరెవరి పేర్లనో ఉన్నాయి. అతని తల్లికి ఆ ఒకటో తారీఖున కూడా పింఛను అందింది. అంతా నియమాల ప్రకారమే.

లీలారాణిని వెంటబెట్టుకుని మేం మండలాఫీసుకు వెళ్ళాం. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. "నియమం నేను రాయలేదమ్మా. ఆ వైర్లు తీయించెయ్. యూనిట్లు తగ్గితే చూద్దాం," అన్నాడు.

"వైర్లు పీకీస్తే ఆళ్ళెలా బతుకుతారు బాబూ?" అంది లీలారాణి.

జగన్నాధం అక్కడే కుర్చీలో ఉన్నాడు. మిల్లు పని మీద వచ్చాడు.

"ఏటి సత్యం, ఉన్నోడికీ లేనోడికీ కూడా పంచిపెట్టమంటావేటి?" అన్నాడు నాతో. "మేం కట్టిన పన్నులు కావేటవి? నిజమైన పేదోళ్ళకే ఇవ్వాల. జల్లెడ పట్టాల."

"పట్టినారు కదా బాబూ. మీ అమ్మగారు జల్లెడలో నిలిచినారు. ఈవిడ కింద పడిపోనాది."

అతని మొహం ఎర్రబడింది. "అయితే మా అమ్మకి తీసీమంటావా?"

"అననండి. ముసిలితనం అందరికీ వస్తాది, అందరికీ ఇమ్మంటన్నాం. మీకు అక్కర్లేనిది మీ మిల్లు మీద పన్నేసి ఎనక్కి తీసుకోమంటన్నాం. ముసల్ది ఎన్ని ఫేన్లు తిప్పుతాదో ఎతకడానికి ఇంతమందెందుకు? మీ మిల్లు ఎతకడానికి ఒక్కడు సాలు."

జగన్నాధం నవ్వాడు. "మాటలు బాగా నేర్సినావు," అని ఆఫీసరు వైపు తిరిగాడు. ఆఫీసరు మా వైపు చూడటం మానేశాడు. బయటికి వచ్చాక, నేను గెలిచిన ఆ వాదన లీలారాణికి ఒక్క మాత్ర కూడా తేలేదు.

ఆదివారం ప్రార్థన అయిపోయాక రూబీ ఇంటి ముందు మీటింగు పెట్టాం.

"సూడండి, వైర్లు తీసీడమే దారి," అన్నాడు ఎర్రన్న. "కానీ మా గుంటడికి పరీక్షలున్నాయి. నాది తర్వాత తీస్తాను."

"నీది తర్వాత, నాది ముందా?" రూబీ లేచింది. "మిషను ఆగిపోతే నా పిల్లలకి కూడెవడెడతాడు? అసలు కరెంటు తినీసేది స్టాన్లీ ఐసుపెట్టె!"

"ఒసే, ఇన్నాళ్ళూ నా సేపలు తిన్నప్పుడు ఐసు సల్లగానే ఉన్నాదా?"

"బిల్లులో నీ వాటా ఏనాడు సరిగ్గా ఇచ్చినావు?"

నిన్నటి దాకా ఒకే కంచంలో తిన్న మనుషులు. ప్రభుత్వం ఒక గీత గీసి, ఈ గీత కింద ఉన్నవాళ్ళకే అంది. ఇక ఎవరి ఇంట్లో ఏం వెలుగుతోందో వాళ్ళే కాపలా కాయడం మొదలుపెట్టారు. పోలీసుల అవసరం కూడా లేకపోయింది. నేను అరిచాను, బతిమాలాను. ఎవరూ వినలేదు.

"ఊరుకోండి," అంది లీలారాణి. "నాకు పింఛనొద్దు. ఎవరూ ఏదీ పీకొద్దు."

స్టాన్లీ ఆ మాటకు తట్టుకోలేకపోయాడు. దిగ్గున లేచి వెళ్ళి తన వైరు తానే తెంపేశాడు. అతని వెనకే రూబీ, దేముడమ్మ. ఆఖరున ఎర్రన్న. లీలారాణి వాకిట్లో కూలబడి ఏడ్చింది.

స్టాన్లీ చేపలు కుళ్ళిపోయాయి. రూబీ కాలితో తొక్కే పాత మిషను అద్దెకు తెచ్చుకుంది, సగం పని కూడా తెమలలేదు. పై నెల ఒకటో తారీఖున ధర్మేంద్ర మళ్ళీ తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క నెల తగ్గితే కుదరదంట సత్యం మావా. ఎనకటి నెలలన్నీ కలిపి సరాసరి తీస్తారంట. ఇంకా సానా నెలలు ఆగాల."

"నాకు ముందే ఎందుకు సెప్పలేదురా?"

"నాకూ ఎవడూ సెప్పలేదు. పోర్టల్లో నిన్ననే కనబడ్డాది." వాడిదీ చిన్న ఉద్యోగమే.

వెలుగూ పోయింది, పింఛనూ రాలేదు. మాత్రలు అయిపోయాయి. లీలారాణి ఎవరికీ చెప్పకుండా జగన్నాధం పొలంలో కలుపుకు వెళ్ళింది. మధ్యాహ్నం ఎండలో గట్టు మీద పడిపోయింది. మోసుకొచ్చిన వాళ్ళకు ఆమె కాలి మీద పుండు అప్పుడు కనిపించింది. ఎన్నాళ్ళ నుంచి గుడ్డ కట్టి దాచిందో.

అప్పుడు దేముడమ్మ నోరు విప్పింది. ఎప్పుడూ మీటింగుల్లో వెనక కూర్చుని కునికే మనిషి.

"మనల్ని ఇడదీసింది ఈ పింఛనే. మనల్ని కలపాలన్నా ఇదే. లీలారాణప్పకి ఇచ్చేదాకా నేను వేలెయ్యను. మీరూ ఎయ్యకండి. ఇస్తే అందరికీ ఇమ్మనండి, లేపోతే ఎవులికీ ఒద్దు."

ఒకరి వెనక ఒకరు సరేనన్నారు.

ఆ తర్వాత వచ్చిన ఒకటో తారీఖును నేను మరిచిపోలేను. ధర్మేంద్ర ఇంటింటి ముందూ ఆగాడు. ముసలివాళ్ళు, విధవలు, కుంటివాళ్ళు చేతులు కట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. తాగి తిరిగే ముసలి అసిరయ్య కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రూబీ, స్టాన్లీ పక్కపక్కన నిలబడి "అందరికీ ఇవ్వాలి" అని అరిచారు. కాలనీ అంతా అరిచింది. ధర్మేంద్ర సంచి భుజాన వేసుకుని వట్టి చేతులతో వెళ్ళిపోయాడు. ఆ పూట మేం ప్రభుత్వాన్ని ఆపేశామనుకున్నాం.

మరునాడు ఊళ్ళో మాట పుట్టింది. పింఛను వద్దన్నవాళ్ళ పేర్లు శాశ్వతంగా తీసేస్తారట. పుట్టించింది జగన్నాధం మనుషులని అందరికీ తెలుసు. అయినా భయం భయమే. అసిరయ్య ముందు వెళ్ళాడు. అతని వెనక ఇద్దరు. సాయంత్రానికి సచివాలయం ముందు వరుస కట్టారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

దేముడమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెను లీలారాణి మంచం దగ్గరికి పిలిపించుకుంది.

"ఎల్లి తెచ్చుకోవే. నా పేరు సెప్పి నువ్వు పస్తులుంటే నా కాలు బాగవుతాదేటి?"

"ఎల్లను."

"ఎల్లవే. ఒట్టు."

దేముడమ్మ వెళ్ళింది. తిరిగొచ్చి ఆ డబ్బు తీసుకుపోయి లీలారాణి మాత్రల కోసం మందులషాపులో ఇచ్చింది. అప్పటికే పుండు మోకాలి దాకా పాకింది. పెద్దాసుపత్రిలో కాలు తీసెయ్యాలన్నారు. తీసే లోపే లీలారాణి పోయింది.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. స్టాన్లీ, ఎర్రన్న భుజం పట్టారు. మట్టి వేశాక ఎవరూ ఇంటికి పోలేదు. "పదండి," అంది రూబీ. అంతే. మట్టి అంటిన బట్టలతోనే మండలాఫీసుకు నడిచాం. గేటుకు అడ్డంగా కూర్చున్నాం. కాలనీ మొత్తం రాలేదు. వరుసలో నిలబడినవాళ్ళలో చాలామంది సిగ్గుతో తలుపులు వేసుకున్నారు. వచ్చినవాళ్ళం గుప్పెడుమందిమి.

పోలీసులు ఎంతోసేపు బతిమాలలేదు. స్టాన్లీని కాలరు పట్టి లాగారు. ఎర్రన్నను లాఠీతో పొడిచారు. రూబీని ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు ఎత్తి వ్యానులో పడేశారు. దేముడమ్మను ముసల్దని వదిలేస్తే, ఆమె తనంత తానే మెట్టెక్కి కూర్చుంది. నన్ను ఆఖరున తోశారు.

ఆఫీసు పని ఆగలేదు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అర్జీలు పట్టుకుని ఊళ్ళ నుంచి వచ్చిన జనం గోడ వారగా నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. రూబీ వ్యాను కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది.

"మీ ఇళ్ళలోనూ తీసీసినారు కదా! సూస్తారేటి? రేపు మళ్ళీ వస్తాం. మీరూ రండి!"

ఒకడు మొహం తిప్పుకున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. మమ్మల్ని రేపటికి వదులుతారో లేదో మాకే తెలియదు.

అప్పుడు గోడ దగ్గర నుంచి ఒక ముసలామె కర్ర ఊతంతో వ్యాను దాకా వచ్చింది. మా ఊరిది కాదు, మాలో ఎవరికీ తెలియదు. కానిస్టేబులు తోసేస్తున్నా ఊచ వదల్లేదు.

"నాదీ తీసీసినారమ్మా," అంది రూబీతో. "రేపు ఎన్ని గంటలకి రమ్మంటావు?"