కనిపెట్టినవాళ్లకే హక్కు

నేను ఒక సూదిమందు సీసాని. బొటనవేలంత ఉంటాను. తల మీద రబ్బరు బిరడా, దాని మీద నీలం టోపీ, కడుపులో చిటికెడు తెల్లటి పొడి. అంతే నా ఆస్తి. ఈ చిటికెడు పొడి కోసం రెండు కంపెనీలు, నల్లకోట్ల లాయర్లు, జగిత్యాలలో ఒక ముసలావిడ నానా యాతన పడ్డారంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా ఫరవాలేదు, కాసేపు కూర్చోండి, చెబుతాను. నాకు మాత్రం ఇప్పుడు పనేముంది?

నా పుట్టుక హైదరాబాదు అవతల ఒక మందుల ఫ్యాక్టరీలో. కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా ముసుగులు వేసుకున్న పనివాళ్లు, పూసలదండ గుచ్చినట్టు ముక్క తర్వాత ముక్క అతికించి నన్ను తయారు చేశారు. ఇలాంటి దండను పెప్టైడ్ అంటారు. అసలు ప్రతి మనిషి తలలోనూ ఇలాంటి దండ ఒకటి తయారవుతుంది. ఈడు రాగానే అది వెళ్లి ఒక తలుపు తడుతుంది. లోపలివాళ్లు లేస్తారు, దీపాలు వెలిగిస్తారు, పిల్ల కాస్తా పెద్దదవుతుంది. నాలో ఉన్నది ఆ దండకి నకలు, ఒకటి రెండు పూసలు మార్చిన నకలు. నేనూ వెళ్లి అదే తలుపు తడతాను. కాకపోతే ఆపకుండా తడతాను. మొదట్లో లోపలివాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. తర్వాత విసుగెత్తి, ఎవరు తట్టినా తీయడం మానేస్తారు. అంతంత చదువులు చదివి మనుషులు పట్టుకున్న ఉపాయం ఇదీ, విసిగించడం. ఇంట్లో చిన్నపిల్లలున్న ఏ తల్లిని అడిగినా చెప్పి ఉండేది.

నన్ను మంచుగడ్డల పెట్టెలో పెట్టి జగిత్యాలకు పంపారు. గంగాధర్ అనే ఆయన మందుల దుకాణంలో, ఫ్రిజ్జు రెండో అరలో దిగాను. ఒక పక్క చక్కెర జబ్బువాళ్ల మందులు, ఇంకో పక్క గంగాధర్ మధ్యాహ్నం అన్నంలోకి తెచ్చుకున్న పెరుగు గిన్నె. పెరుగు పెట్టకూడదని తలుపు మీద రాసి ఉంది. రాసింది ఆయనే.

నేను వచ్చింది రిషిక కోసం. రిషికకు ఏడేళ్లు, రెండో తరగతి. స్నానం చేయిస్తూ నలుగు పెడుతుంటే నాయనమ్మ కనకవ్వ చేతికి ఈడుకు మించిన తేడా తగిలింది. చెప్పడానికి నోరు రాక ఒక పూటంతా మూతి ముడుచుకుని కూర్చుందట. తర్వాత పిల్ల తల్లి స్వరూపకు చెప్పింది. స్వరూప బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. శరీరం తొందరపడుతోంది, ఇప్పుడే ఆపకపోతే ఎముకలు ముదిరి పిల్ల ఎదుగుదల ఆగిపోతుంది, నెలకో సూది వేయాలి అన్నాడు డాక్టరు. పక్కింటామె మాత్రం ఇంకో సంగతి అడిగింది. "పిల్ల పెద్దమనిషయితదంటున్నరు, దావత్ ఎప్పుడు?" అని. రిషిక ఆ సమయంలో ఆమె కాళ్ల దగ్గరే అష్టాచెమ్మా గవ్వలు దొరక్క ఏడుస్తోందట.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఫ్రిజ్జుది అద్దం తలుపు, దాని రబ్బరు వదులైంది. చల్లదనం బయటికి పోతుంది, మాటలు లోపలికి వస్తాయి.

మొదటి రెండు సూదులూ పడ్డాయి, లోపలి తలుపు మూతపడింది. మూడోది నేను. అప్పుడు వచ్చి పడింది కోర్టు గొడవ. ఈ దండను మొట్టమొదట గుచ్చింది దూరదేశపు కంపెనీ ఒకటి. మొదట గుచ్చినవాళ్లకు ఇరవై ఏళ్ల హక్కు, ఆ లోపల ఇంకెవరూ గుచ్చకూడదు. దానికి పేటెంటు అని పేరు. ఆ ఇరవై ఏళ్లూ గడిచాకే మావాళ్లు నన్ను చేశారు. ఈలోగా ఆ దూరదేశపువాళ్లు దండను అలాగే ఉంచి, దాన్ని పెట్టే భరిణ మార్చారు. ఒంట్లో నెల పొడుగునా కొద్దికొద్దిగా కరిగే భరిణ. దాని పేరు చెప్పి ఇంకో ఇరవై ఏళ్ల హక్కు తెచ్చుకున్నారు. మీ భరిణ మా భరిణే అని మావాళ్ల మీద కేసు వేశారు. మావాళ్లు కాదన్నారు. ఎవరిది నిజమో నేను చెప్పలేను. నేను భరిణ లోపల ఉన్నాను, అది బయటినుంచి ఎలా కనిపిస్తుందో నాకేం తెలుసు? తేలేదాకా అమ్మవద్దంది కోర్టు. అలా, ఆపడం కోసం పుట్టిన మందును ఆపేశారు.

ఆ సంగతి చెప్పడానికి మా కంపెనీ మనిషి ఫణీంద్ర మెడలో టై కట్టుకుని దుకాణానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే కనకవ్వ మూడో సూది కోసం వచ్చి ఉంది.

"అవ్వా, ఈ మందును కనిపెట్టినోళ్లు వేరే ఉన్నరు," అన్నాడు ఫణీంద్ర. "కనిపెట్టినోళ్లకే హక్కు. వాళ్లు ఒద్దన్నంక మేం అమ్మొద్దు."

"వాళ్లు కనిపెట్టిన్రా? ఎప్పుడు? మా పిల్ల జరమొచ్చి పడుకుంటె రాత్రంత కనిపెట్టింది నేను. వాళ్లు ఒక్కనాడన్న వచ్చిన్రా?"

"పిల్లను గాదవ్వా, మందును."

"మందును కనిపెట్టుడేంది? అదేమన్న ఉరుకుతదా?"

గంగాధర్ బిల్లు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఫణీంద్ర టై సర్దుకున్నాడు. అతను మాట్లాడేది ఒక కనిపెట్టడం, ఆమె వినేది ఇంకో కనిపెట్టడం. ఇద్దరూ పలికేది ఒకటే మాట కాబట్టి సంభాషణ చాలా సాఫీగా సాగింది.

"ఎన్నేండ్లు కనిపెట్టిన్రు మరి?"

"ఇరవై ఏండ్ల హక్కవ్వా. ఇప్పుడు మల్ల ఇరవై."

"ఓ యమ్మ!" కనకవ్వ గొంతులో మొదటిసారి గౌరవం వినిపించింది. "అంత ఓపికనా? ఓపికున్నోళ్లే గని, మా పిల్ల ముచ్చట వాళ్లకు ఎర్కలేనట్టుంది." కొంగు నడుముకు దోపుకుంది. "సరే. కనిపెట్టినోళ్లకే హక్కయితె నేను గూడ కనిపెడుత. కోర్టుల నా పేరు గూడ రాయించు కొడుకా."

మర్నాడు గంగాధర్ షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద కనకవ్వ ఉంది. చంకలో పీట, చేతిలో చెంబు. ఫ్రిజ్జు ముందు పీట వేసుకుని కూర్చుంది. రోజూ అంతే. కరెంటు పోతే ఫ్రిజ్జు తలుపు ఎవరినీ తీయనిచ్చేది కాదు. పెరుగు గిన్నె కోసం గంగాధర్ చేయి చాపితే, "కరెంటొచ్చినంక తిను, సస్తవా?" అనేది. ఆయన పచ్చడితో తిన్నాడు. కొనుక్కునేవాళ్లు ఆమెనే మందుల దుకాణం మనిషనుకుని దగ్గు మందు అడిగేవాళ్లు. మిరియాలు నమలమని చెప్పి పంపేది. గంగాధర్ బేరం పడిపోయింది.

సాయంత్రాలు బడి వదిలాక స్వరూప పిల్లను వెంటబెట్టుకుని వచ్చేది.

"అత్తా, సూది తారీకు దాటింది," అంది ఒకరోజు, గొంతు తగ్గించి. "ఇంకొన్ని దినాలకంటె ఎక్కువ ఆగొద్దన్నడు డాక్టరు. మల్ల మొదలైతె ఇప్పటిదాంక చేసిందంత పాయె."

"అగో, సీసా లోపలనే ఉన్నది. నేను చూస్తనే ఉన్న గద."

"నువ్వు చూస్తె ఏమైతది అత్తా!"

కనకవ్వ పీటను ఫ్రిజ్జుకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. ఫ్రిజ్జు పక్కన నేల మీద రిషిక హోంవర్కు చేసుకుంటోంది. ఆవు గురించి అయిదు వాక్యాలు. స్వరూప పిల్ల వీపు మీద చేయి వేసి, ఎంత ఎదిగిందో కొలుస్తున్నట్టు అలాగే ఉంచేసింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకుంటుందేమోనన్న భయం ఆమె మాటలో నాకూ వినిపించింది. నేను తట్టాల్సిన తలుపది. మూడడుగుల దూరంలో ఉంది. నేనేమో పెరుగు పక్కన కూర్చుని ఉన్నాను.

తర్వాత కరీంనగర్ నుంచి పెద్ద దుకాణం మనిషి అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. ఊళ్లలో మిగిలిన నాలాంటి సీసాలన్నీ వెనక్కి పట్టుకుపోతున్నాడు. పెట్టెలో అప్పటికే చాలామంది ఉన్నారని గలగలల్ని బట్టి తెలిసింది.

"అవ్వా, జర జరుగు. ఫ్రిజ్జు తెరవాలె."

"జరగ."

"ఫ్రిజ్జుకు ఆనుకోని ఎందుకు కూసున్నవ్?"

"సల్లగుంటది."

ఫ్రిజ్జు లోపల చల్లగా ఉంటుంది. బయట ఆనుకుంటే వెచ్చగా ఉంటుంది. ఆ మాట ఎవరూ అనలేదు. అతను గంగాధర్ వైపు చూశాడు. గంగాధర్ పైకప్పు వైపు చూశాడు.

"అవ్వ ఏమైతది నీకు?"

"ఏం గాదు," అన్నాడు గంగాధర్. "కనిపెడుతాంది. నువ్వు కోరుట్ల చూసుకోని రాపో."

అతను కోరుట్ల వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి గంగాధర్ షట్టరు దించేసి ఉన్నాడు. పట్టపగలు, బేరాల వేళ.

రెండు రోజులకు ఫణీంద్ర పరుగెత్తుకుంటూ వచ్చాడు. టై లేదు. జబ్బున్నవాళ్ల తరఫున ఎవరో కోర్టులో మొర పెట్టుకున్నారట. కేసు తేలేదాకా కొత్తగా చేయవద్దు, కానీ దుకాణాల్లో ఇప్పటికే ఉన్న సీసాలు వైద్యం సగంలో ఉన్నవాళ్లకు ఇవ్వవచ్చు అందట కోర్టు.

"కానీ అన్నీ వాపస్ పోయినయ్ గద సార్," అన్నాడు ఫణీంద్ర, కుర్చీలో కూలబడి. "వెనుకకు పోయింది లెక్కకు రాదంట. దుకాణంల ఉన్నదే ఇయ్యాలె."

గంగాధర్ ఫ్రిజ్జు వైపు చూశాడు. కనకవ్వ పీట మీదనుంచి లేచింది. మోకాళ్లు టకటకమన్నాయి.

"కోర్టుల నా పేరు రాయించినవా బిడ్డా?"

ఫణీంద్ర ఆమెను చూశాడు, ఆమె వెనక ఉన్న నన్ను చూశాడు.

"రాయించిన అవ్వా," అన్నాడు.

"అట్లనే అనుకున్న." ఆమె చెంబు అందుకుంది. "వచ్చే నెలది యాడున్నది?"

"మెట్‌పల్లిల ఒక దుకాణంల ఉన్నదంటున్నరు. వాళ్లు తాళం తీసెటాళ్లకు సీసాలు వాపస్ తీస్కపోయెటాయన ఎల్లిపోయిండంట."

"మెట్‌పల్లిల మా చెల్లె ఉన్నది. ఏ దుకాణమో చెప్పు, పీట పట్టుకోని పొమ్మంట."

ఆ సాయంత్రం పిల్లల ఆసుపత్రిలో నర్సమ్మ నా టోపీ విప్పింది. నీళ్లలాంటి మందు నాలోకి పోసి మెల్లగా ఊపింది. పొడి పాలలా కలిసింది. తర్వాత సూది నన్ను మొత్తం పీల్చేసుకుంది. ఇక నేనంటే గాజా, లోపలికి వెళ్లిన పొడా అని మీకు సందేహం రావచ్చు. కోర్టులో నడుస్తున్నదీ దాదాపు అదే గొడవ, కాబట్టి నేను తొందరపడి ఏమీ అనను. పొడి తన పని మీద వెళ్లింది. గాజు నీలం రంగు చెత్తడబ్బాలో పడింది. పైన మూత సగం తెరిచే ఉంది, అందుకని విన్నాను.

సూది గుచ్చగానే రిషిక ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. ఏడుపు మధ్యలో ఠక్కున ఆగింది. నోట్లో వేలు పెట్టుకుని ఏదో తీసి చేతిలో పట్టుకున్నట్టుంది.

"అమ్మా, ఊడింది!"

స్వరూప కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"పాలపన్నేనా అత్తా?" అంది స్వరూప.

కనకవ్వ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి ఉంటుంది. పిల్ల కాళ్ల పట్టీల చప్పుడు వినిపించింది.

"పాలపన్నే. ఇంటికి పోయి కప్పు మీదికి ఇసిరేద్దాం పా." తర్వాత ఆమె ఇంకోసారి చూసినట్టుంది. "ఇంక నోటినిండ పాలపండ్లే ఉన్నయ్ బిడ్డా."